పుండు కింద కాపలా

సొంతవాళ్ళ స్లైడు సొంతవాళ్ళు చూడకూడదు. ఆ ల్యాబులో ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. చేతులు కడుక్కున్నంత సహజంగా అందరూ పాటించేది. ముక్కల డాక్టరు కూడా ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పాటిస్తూనే వచ్చాడు. ఆ మధ్యాహ్నం మాత్రం, అందరూ భోజనానికి వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసి, తన బావమరిది నాలుక ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టాడు.

ముక్కల డాక్టరు అన్న పేరు పెట్టింది ఆ బావమరిదే. "మా బావా డాక్టరేనండీ. కాకపోతే మనుషుల్ని చూడడు, ముక్కల్ని చూస్తాడు. కోసినవాళ్ళు పంపిస్తే ఈయన వాటి గుట్టు విప్పుతాడు" అని ఊరంతా చాటాడు. చాటడం అతని ఉద్యోగం కూడా. బస్‌స్టాండులో అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు అతనిది. ఆఫీసులో మైకు, వీధిలో మైకు. చివరికి పెళ్ళాం కూడా కోపం వస్తే "ఓ మైకుగారూ" అనే పిలుస్తుంది.

ఆ నాలుక పక్కన పుండు లేచింది. పన్ను గీరుకుంటోందని కొన్నాళ్ళు, వేడి చేసిందని కొన్నాళ్ళు గడిపాడు మైకు. చివరికి ముక్క తీసి పంపితే క్యాన్సరని తేలింది. నాలుక సగం తీసేయాలని, మెడలో గ్రంథులు కూడా తీసి, ముంజేతి చర్మంతో నాలుకకు అతుకు వేయాలని, ఆ తరవాత రేడియేషన్ ఇవ్వాలని సర్జన్ చెప్పాడు. "మాట వస్తుందాండీ?" అని మైకు అడిగిన ఒక్క ప్రశ్నకు, "వస్తుంది. ఇప్పటిలా రాదు" అన్నాడు. సోమవారానికి తేదీ ఖాయమైంది.

క్యాన్సరన్న సంగతి ఇప్పుడు స్లైడు చూసి కొత్తగా తెలుసుకోవాల్సింది కాదు. ముక్కల డాక్టరుకు కావాల్సింది వేరే ఉంది. ఒంట్లో కాపలా తిరిగే రక్షణ కణాలు కొన్ని ఉంటాయి. అవి నోటి క్యాన్సరు గడ్డలోకి ఎంత ఎక్కువగా చొరబడితే, ఆ మనిషి అంత గట్టిగా నిలబడే అవకాశం ఉంటుంది. అవి లేని గడ్డ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. అందుకే ఆ ల్యాబులో నోటి ముక్క, గొంతు ముక్క ఏది వచ్చినా, ఇద్దరు డాక్టర్లు విడివిడిగా ఆ కణాలు గడ్డలో నూటికి ఎంత మేర ఉన్నాయో అంచనా కట్టి, తరవాత పోల్చుకునేవారు. మైకు స్లైడు వంతు అక్కడే పనిచేసే చిన్న డాక్టరుది, ఇంకొకాయనది. వాళ్ళు ఇంకా అంచనా వేయలేదు.

కంటికి ఆనించిన కటకంలో గులాబీరంగు తెర కదిలింది. దాని మీద ముదురు నీలం చుక్కలు, ఆ కాపలా కణాలే. ఒకటీ అరా కాదు, ఆవాలు ఒలకబోసినట్టు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆయన ఊపిరి బిగబట్టి స్లైడును కాస్త జరిపాడు. అక్కడా అంతే.

"వచ్చార్రా!" అన్నాడు పైకే, ఎవరూ లేని గదిలో.

మైకు ఆయన భార్యకు తమ్ముడు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడు కూడా భరించరానిదైపోయిన రోజుల్లో, డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు. ఓదార్పు మాటలు ఒక్కటీ చెప్పేవాడు కాదు. ఏ డ్రైవరు ఎవరితో తగువు పడ్డాడో, ఏ ప్రయాణికుడు ఏ పిల్లను మరచి బస్సెక్కాడో చెప్పుకుపోయేవాడు. జవాబు ఆశించకుండా మాట్లాడటం ఎంత పెద్ద దయో ముక్కల డాక్టరుకు అప్పుడే తెలిసింది. ఆ గొంతే లేకపోతే ఆ ఏడాది ఎలా గడిచేదో ఆయన ఊహించలేడు.

మరొకరి అంచనా కోసం ఆగకుండా ఫోను తీశాడు.

"ఒరేయ్, నీ గడ్డలో కాపలావాళ్ళు బాగా దిగార్రా. నేనే కళ్ళారా చూశాను. ఇంతమంది దిగినవాళ్ళు బాగా నిలబడతారు."

"నిజంగానా బావా? ఒట్టు?"

"ముక్కల దగ్గర నేను అబద్ధం చెప్తానా?"

"అక్కే పంపించి ఉంటుంది వాళ్ళని" అన్నాడు మైకు. "పోనీలే, పెళ్ళయ్యాక నా మొహం చూడడం మానేసిందనుకున్నా."

మర్నాడు పొద్దున ముక్కల డాక్టరు హుషారుగా చిన్న డాక్టరు గదికి వెళ్ళాడు. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఆయన కంటే చురుకు. "ఆ నాలుక స్లైడు అంచనా వేశావా? ఎంత?"

"తక్కువే సార్. నూటికి పది కూడా ఉండవు."

"పదేమిటి! యాభైకి తగ్గవు."

ఆమె తలెత్తి చూసింది. "మీరు చూశారా సార్?"

"ఊరికే ఒకసారి" అన్నాడు ఆయన. ఆమె రెట్టించలేదు. ఇద్దరూ ఒకేసారి చూసే జంట మైక్రోస్కోపు దగ్గర కుర్చీ లాగి, ఆయన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని స్లైడు జరిపింది.

"మీరు చూసింది ఇక్కడే కదా?"

"ఇక్కడే. చూడు, ఎంతమందో!"

"దీని పైన ఏముంది సార్?"

ఆయన చూపు పైకి జరిపాడు. నాలుక పైపొర తెగి చెదిరిపోయి ఉంది.

"పుండు" అన్నాడు.

"పుండు కింద చేరేవాళ్ళు పుండు కోసం వస్తారు, గడ్డ కోసం కాదు, వాళ్ళని లెక్కలో వేసుకోవద్దని మాకు చెప్పింది మీరే సార్." అందులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆయనకు మరింత గుచ్చుకుంది. "గడ్డ అసలు భాగం ఇదుగో."

అక్కడంతా గులాబీరంగే. ఎక్కడో ఒకటీ అరా నీలం చుక్క. గడ్డ అంచున, బయటివైపు, పల్చటి వరసలో కొన్ని నిలబడి ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టినవి చాలా తక్కువ.

పుండు వదిలి చూడమని ఏటా కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటివారంలోనే చెప్పే పాఠం అది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. కళ్ళు కటకానికే అతుక్కుపోయాయి. చిన్న డాక్టరు చెయ్యి చాపి మైక్రోస్కోపు దీపం ఆర్పేసింది. చూస్తూ కూర్చోవాల్సిన అవసరం ఇక లేకుండా చేసింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మైకు భార్య.

"అన్నయ్యా, మీరేం చెప్పారు ఆయనకి? నిన్నే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నారట! లోపల మనవాళ్ళు దిగారు, మీ కత్తి అక్కర్లేదు అన్నారట! సర్దిన సంచీ విప్పేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. నేను అడిగితే, మా బావ కంటే నీకెక్కువ తెలుసా అంటున్నారు."

"ఉండమ్మా. నేనే వెళ్తాను వాడి దగ్గరికి."

బస్‌స్టాండులో అద్దాల గది మంచం పట్టేంత ఉంటుంది. మైకు ముందు బల్ల మీద మీటలు, ఎర్రదీపం. దీపం వెలిగితే ఊరంతా వింటుంది. బావను చూడగానే మొహం చాటంత చేసుకుని, పక్కన ఉన్న స్టూలు మీద కాగితాలు తీసేశాడు.

"రా బావా! కాపలావాళ్ళకి పెద్దదిక్కువి. కూర్చో."

"నిన్న నేను తప్పు చూశాన్రా."

మైకు నవ్వు అలాగే ఉండిపోయింది. "ఏం తప్పు?"

"వాళ్ళు గడ్డ మీదికి వచ్చినవాళ్ళు కారు. పైన పుండుంది కదా, దాని కోసం పోగయ్యారు. నేను పుండు వదిలి చూడాలి. చూడలేదు."

అద్దం అవతల ఒక బస్సు వచ్చి ఆగింది. మైకు మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. గొంతు ఎక్కడా జారకుండా బస్సు పేరు, ప్లాట్‌ఫారం, ఆగే ఊళ్ళు అన్నీ చెప్పాడు. మీట వదిలాడు, దీపం ఆరింది.

"అంటే," అన్నాడు మైకు నెమ్మదిగా, "స్టాండు నిండా జనమే. మన బస్సెక్కేవాళ్ళు కారు."

"అంతే."

"మన బస్సులో ఎంతమంది?"

"తక్కువ. చాలా తక్కువ."

"నన్ను సముదాయించడానికి చెప్పావా నిన్న?"

"కాదురా. నిజమనుకునే చెప్పాను. నిజమైతే బావుండునని చూశాను. అలా చూస్తే కన్ను పనిచెయ్యదు."

"ఇన్నేళ్ళ సర్వీసులో లెక్క తప్పడానికి నీకు నా నాలుకే దొరికిందా?" మైకు గొంతు లేచింది. "సోమవారానికి సంచీ సర్దుకున్నా. ఏడ్చేదంతా ఏడ్చేశా. మా ఆవిడ ఎదుట ధైర్యంగా నవ్వేశా కూడా. అదంతా మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి ఇప్పుడు! తెలుసా నీకు?"

ముక్కల డాక్టరు తల వంచుకున్నాడు. "నిన్నటి మాటే నిజమైనా ఆపరేషన్ తప్పదు. అది కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. సంతోషంలో మరిచిపోయాను."

"బతుకుతానా?"

"ఆ అంచనా నూరుమందిని కలిపి చెప్పేది. నీ ఒక్కడి గురించి అది ఏమీ చెప్పలేదు. ఆపరేషన్ వద్దన్నావనుకో, అప్పుడు మాత్రం నీ ఒక్కడి గురించే చెప్పగలను."

మైకు అద్దంలోంచి జనాన్ని చూశాడు. "ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మను?"

"నన్ను నమ్మకు. చిన్న డాక్టరుని అడుగు. ఆమెకి నువ్వేమీ కావు. అందుకే సరిగ్గా చూసింది."

నంబరు కలిపి ఫోను ఇచ్చాడు. మైకు "అలాగా" అన్నాడు, "ఊఁ" అన్నాడు, "పుండు కిందా, సరే" అన్నాడు. అవతలి మాట వినిపించలేదు గానీ, ఆమె తొందరపడటం లేదని ముక్కల డాక్టరుకు అర్థమైంది. ఫోను చేతులు మారకుండానే మైకు సర్జన్ ఆఫీసుకు కలిపాడు. బతిమాలాడు. తప్పు తనదేనన్నాడు. బావ పేరు ఎత్తలేదు.

"సోమవారం వేరేవాళ్ళకి ఇచ్చేశారట" అన్నాడు ఫోను తిరిగి ఇస్తూ. "గురువారం రమ్మన్నారు."

మూడు రోజులు. అంతలో గడ్డ పెద్దగా మారదని ముక్కల డాక్టరుకు తెలుసు. తెలిసినా ఆ మూడు రోజులూ తన నెత్తిన రాయిలా కూర్చుంటాయని కూడా తెలుసు. క్షమించమని అడగబోయాడు. మైకు చెయ్యెత్తి ఆపాడు.

"అది తరవాత చూద్దాం. ఇది చెప్పు. నొప్పిగా ఉంటుందా?"

పర్వాలేదులే, మందులిస్తారు అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఉంటుంది. మొదటి వారం బాగా ఉంటుంది. గుటక వెయ్యలేవు. ముక్కులోంచి గొట్టం పెడతారు. మెడ బిగుసుకుపోతుంది."

అద్దం మీద ఎవరో తట్టారు. చేతిలో మూట ఉన్న ముసలావిడ. మైకు చిన్న కిటికీ జరిపి, ఆవిడ ఎక్కాల్సిన బస్సు ఇంకా రాలేదని, ఆ మూల బెంచీకి నీడ ఉంటుందని, అక్కడ కూర్చోమని చెప్పి, ఆవిడ కూర్చునేదాకా చూశాడు. తరవాత కిటికీ మూసి, కుర్చీ బావ వైపు తిప్పుకున్నాడు.

"గొట్టం దాకా వచ్చావు" అన్నాడు. "ఇంకా చెప్పు. ఏదీ దాచకు."

ముక్కల డాక్టరు చెప్పడం మొదలుపెట్టాడు.