బాగానే ఉందండి

నేను ఒక పాడైపోయిన కంప్యూటర్ని. జాలిపడకండి, అది నా ఉద్యోగం. భీమవరంలో ఒక మిఠాయి కొట్టు మేడమీద రాఘవరాజు గారు కంప్యూటర్ రిపేరు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. రోజూ పొద్దున్నే ఆయన నన్ను పాడుచేసేవారు. పిల్లలు వచ్చి బాగుచేసేవారు. బాగుపడ్డానన్న సంతోషం నాకు మర్నాడు పొద్దున్న దాకానే ఉండేది.

అంతకుముందు నేనూ మర్యాదగానే బతికాను. ఇదే ఊళ్లో ఒక కొట్టు వెనకగదిలో పుట్టాను. డబ్బా ఒకచోట, ఫ్యాను ఒకచోట, మిగతా సరంజామా ఇంకోచోట తెచ్చి బిగించి, “కంపెనీదానికంటే ఇదే గట్టిదండి” అని ఒక బ్యాంకు మేనేజరు గారికి అంటగట్టారు. ఆ ఇంట్లో నాకు పసుపు రాసి బొట్లు పెట్టారు. నా నెత్తిమీదే కొబ్బరికాయ కొట్టబోతే ఎవరో పుణ్యాత్ముడు ఆపాడు. ఆ తర్వాత లతలూ పువ్వులూ కుట్టిన ముసుగొకటి కప్పి, పాడైపోతానని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చుట్టాలొస్తే ముసుగు తీసి చూపించేవారు, వాళ్లు కాఫీ తాగి లేవగానే కప్పేసేవారు. అలా వాడకుండా కాపాడి కాపాడి, చివరికి పాతబడిపోయానని రాఘవరాజు గారికి ఇచ్చేశారు.

రాఘవరాజు గారికి ఒక్క రోగమే తెలుసు. నా లోపల దువ్వెనంత పచ్చటి పలక ఒకటి ఉంటుంది, దాన్ని ర్యామ్ అంటారు. దాన్ని కాస్త పైకి లాగి వదిలేసేవారు. నేను తెర నల్లగా పెట్టుకుని కూర్చునేదాన్ని. పిల్లలు ర్యామ్ పీకి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ గాట్లో పెట్టి నొక్కేవారు. నేను లేచేదాన్ని. తీయి, తుడువు, పెట్టు, నొక్కు. ఆయన దగ్గర వేదమంతా ఆ నాలుగు మాటలే. జీతం మాత్రం నాలుగు వేదాలకీ కట్టించుకునేవారు.

ఆ పిల్లల మధ్య చదువుకునే వయసు ఎప్పుడో దాటిపోయిన మనిషి ఒకాయన కూర్చునేవాడు. పేరు కామేశం. రైసుమిల్లులో గుమాస్తా చేసేవాడు. మిల్లు మూతపడ్డాక భార్య సీతారత్నంతో సహా మామగారింట్లో ఉంటున్నాడు. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. అల్లుణ్ణి ఒక్క మాట అని ఎరగడు. పొద్దున్నే పేపరు మడతపెట్టి, “ఇవాళ కూడా క్లాసేనా అల్లుడుగారూ?” అని మాత్రం అడుగుతాడట. ఆ మర్యాదకే తన ఒళ్లు చచ్చిపోతుందని కామేశం ఒకసారి పక్కవాడితో చెబుతుంటే విన్నాను.

సీతారత్నం తమ్ముడు గోపాలానికి రాజమండ్రిలో సర్వీసు సెంటరుంది. “సర్టిఫికెట్ పట్రా బావా, కుర్చీ వేసి ఉంచుతాను” అన్నాడట. కామేశానికి ఇక ఆ కుర్చీ తప్ప దిక్కులేదు. అందుకే రబ్బరు కూడా పిల్లల్లా జేబులో పడేసుకోకుండా, చిన్న కుంకుమ భరిణెలో పెట్టుకుని తెచ్చుకునేవాడు. నన్ను తుడిచినంత శ్రద్ధగా ఎవరూ కళ్లజోడు కూడా తుడుచుకోరు.

పరీక్షకి హైదరాబాదు నుంచి అధికారి వస్తున్నాడని తెలిసి రాఘవరాజు గారికి పెళ్లిచూపుల కంగారు పట్టుకుంది. గోడలకి సున్నం వేయించారు. గుమ్మానికి బంతిపూలు కట్టించారు. పెద్దమనిషి ముందు పాడైపోయిన వస్తువు పెడితే పరువు పోతుందని, బయట బజారు నుంచి మెకానిక్‌ని పిలిపించి నన్ను పూర్తిగా బాగుచేయించారు. రిపేరు నేర్పే చోటికి రిపేరు మనిషి ఎందుకొచ్చాడని ఎవరికీ అనుమానం రాలేదు. పొద్దున్నే లేచి మళ్లీ పాడుచేయాలన్న సంగతి, అధికారిగారి పెసరట్టులో అల్లం పచ్చడి తగ్గిందన్న హడావుడిలో ఆయన మర్చిపోయారు.

పెద్దవాడు గనక కామేశాన్ని ముందు పిలిచారు. “దీనికేమైందో కనిపెట్టి బాగుచెయ్యి” అన్నాడు అధికారి. కామేశం నా బటన్ నొక్కాడు. నేను హాయిగా లేచి కూర్చున్నాను. ఆపి మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచాను.

“సార్, ఇది బాగానే ఉందండి.”

“బాగున్నదాన్ని పరీక్షకెందుకు పెడతారయ్యా? సరిగ్గా చూడు.”

కామేశం రాఘవరాజు గారి వంక చూశాడు. ఆయన సీలింగు ఫ్యాను వంక చూశారు. బయటి మెకానిక్ సంగతి చెప్పడం కంటే ఫ్యాను చూడటం సుఖం. పెద్దవాళ్లు లోపం ఉందంటే లేదనడం కామేశానికి అలవాటు లేదు. మామగారింట్లో ఉన్నవాడికి అసలుండదు. నన్ను విప్పాడు. ర్యామ్ తీశాడు. భరిణె తెరిచి, రబ్బరుతో తుడిచాడు. గాట్లో పెట్టి, బతుకంతా బొటనవేలిలోకి తెచ్చుకుని నొక్కాడు. లోపల చిటుక్కుమంది.

బటన్ నొక్కితే తెర నల్లగానే ఉండిపోయింది. “చూశావా, ఉంది కదా లోపం!” అన్నాడు అధికారి తృప్తిగా. “బాగుచెయ్యి మరి.” కామేశం తీశాడు, తుడిచాడు, పెట్టాడు, నొక్కాడు. చెమటలు నా మీద పడ్డాయి. చివరికి ఫెయిలని రాసుకుని పక్కకి జరగమన్నారు.

తర్వాత వచ్చిన పిల్లలందరూ “ర్యామ్ పెట్టే గాడి విరిగిందండి, బోర్డు మార్చాలండి” అని ఒకే మాట చెప్పి, పాసైపోయారు.

ఇక దేనికీ పనికిరాని నన్ను మెట్లు దింపించే బాధ లేకుండా రాఘవరాజు గారు కామేశానికే అప్పగించారు. “పట్టుకెళ్లండి కామేశం గారూ, ప్రాక్టీసుకి ఉంటుంది” అన్నారు. కామేశం నన్ను ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లాడు.

గుమ్మంలో నన్ను చూసి సీతారత్నం ప్రైజిచ్చారనుకుంది. మామగారు మొదటిసారి కుర్చీలోంచి లేచి అల్లుడికి ఎదురొచ్చాడు. కామేశం చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు అందులో పూతరేకు పెట్టింది. అది కరిగేలోపు నాకు బొట్టు పెట్టడం, ముసుగు కప్పడం, పక్కింటివాళ్లని పిలవడం అన్నీ అయిపోయాయి.

ఆదివారం గోపాలం వచ్చాడు. సర్టిఫికెట్ పోస్టులో వస్తుందన్నాడు కామేశం. మామగారు ఉత్సాహంగా ముసుగు తీసి, “నొక్కి చూడరా, మీ బావ కంప్యూటరు” అన్నాడు. ఇల్లంతా చుట్టూ చేరింది. గోపాలం నొక్కాడు. నేను లేవలేదు. మూత తీసి లోపలికి ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత బావ మొహం చూశాడు. పని తెలిసినవాడు.

“తుడిచి చూశావా బావా?”

“తుడిచాను గోపాలం.”

గోపాలం మూత పెట్టేసి, ముసుగు తనే కప్పాడు. “కరెంటు తక్కువగా ఉంది నాన్నా, తర్వాత చూద్దాం” అన్నాడు. భోజనం బాగుందన్నాడు. సాయంత్రం బస్సెక్కేదాకా వాతావరణం గురించి మాట్లాడాడు. కుర్చీ మాట ఎత్తలేదు. కామేశం అడగలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే, మామగారికి పేపరు రాకముందే, కామేశం నా ముసుగు తీస్తాడు. భరిణె తెరుస్తాడు. రబ్బరు అరిగి శనగగింజంత అయింది. తీస్తాడు, తుడుస్తాడు, పెడతాడు, నొక్కుతాడు. ఆ తర్వాత కాసేపు తెరవంక చూస్తూ కూర్చుంటాడు.

నేను లేవను. నా ఉద్యోగం నేను ఏ లోటూ లేకుండా చేస్తున్నాను. ఈ ఇంట్లో ఉద్యోగమున్నది నాకొక్కదానికే.