ఆడబిడ్డ పెట్టిన ఏసీ

సరళ వాళ్ళ పడకగదిలోని ఏసీ ఆ ఏడు ఎండలు ముదరకముందే మొరాయించింది. గంటసేపు నడిపినా గది చల్లబడడం లేదు. కోదాడలో వాళ్ళ వీధివాళ్ళందరి ఏసీలూ చూసే దస్రు వచ్చి, గోడమీది పెట్టె మూత తీసి, లోపలి కాయిల్‌కు సబ్బు నురుగు పూశాడు. ఒక మూల బుడగలు పొంగాయి.

"గీడ లీకున్నది మేడం. కాయిల్ తుప్పు తిని చిల్లి పడ్డది. ఇది ఆర్-22 గ్యాస్ మీద నడిచే పాత మిషిన్. ఆ గ్యాస్ పైన ఓజోన్ పొరను ఖరాబ్ చేస్తదని తగ్గించుకుంట వస్తున్నరు. దొరుకుడు కష్టమైతున్నది. ఇప్పుడు నింపితే ఈ ఎండకాలం నడుస్తదేమో, మళ్ళ పోతది."

"కొత్త ఏసీల్లో వేసే గ్యాసే దీంట్లో వెయ్యరాదా?" అని సరళ భర్త ప్రవీణ్ అడిగాడు.

"వద్దు సార్. కొత్తయి ఆర్-32 కోసం చేసినయి. దాని ప్రెషర్ ఎక్కువ, ఈ పైపులు, ఈ కంప్రెసర్ తట్టుకోలేవు. పైగా అది నిప్పు తగిలితే అంటుకునే గ్యాస్. చిన్న రిపేరైతే చేయించుకోమని నేనే చెప్తుంటి. కాయిల్ పోయింది, గ్యాస్ దొరకదు, మిషిన్ పదేండ్లు దాటింది. ఇగ మార్చుకునుడే మంచిది."

వారంలో కొత్త ఏసీ వచ్చింది. పాతది విప్పి వరండాలో పెట్టారు. ఎక్స్చేంజిలో దానికి దుకాణం వాళ్ళు చెప్పిన ధర సరళకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు చిరంజీవికి ఆడపిల్ల పుట్టింది. చిరంజీవిది కోదాడ పక్కనే ఉన్న అనంతగిరి. తల్లి ఉప్పలమ్మను దగ్గర పెట్టుకుని, గొర్లు కాసుకుంటూ కాస్త పొలం చేసుకుంటాడు. భార్య గోపిక కాన్పుకు మిర్యాలగూడలోని పుట్టింటికి వెళ్ళింది. మండే ఎండల్లో పసిపిల్లతో రేకుల ఇంటికి తిరిగి రాబోతోంది. సరళ ఒక కళాశాల ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. పుట్టింట్లో ఉద్యోగస్థురాలు తనొక్కతే. మేనకోడలికి ఏదైనా గట్టిగా పెట్టాలని అందరూ ఎదురుచూస్తారని ఆమెకు తెలుసు.

"పాత ఏసీ వాళ్ళకిద్దాం," అంది.

"లీకున్నదని చెప్పి ఇద్దాం మరి," అన్నాడు ప్రవీణ్.

"చెప్తే మా అమ్మ తీసుకోదు. గ్యాస్ నింపించి ఇస్తే ఈ ఎండకాలం గడుస్తది. పిల్లకు కావాల్సింది గంతే గదా."

మళ్ళీ పిలిపిస్తే దస్రు వచ్చి, గ్యాస్ నింపుతూ, "లీకు సంగతి వాళ్ళకొక మాట చెప్పురి మేడం. మళ్ళ ఎవరితోనన్న ఏదన్న గ్యాస్ పోయించుకుంటరు," అన్నాడు. చెప్తానంది సరళ. పెట్టెను మెరిసేలా తుడిపించి, పాత రిమోట్ పక్కన పడేసి కొత్త రిమోట్ కొనిపెట్టింది.

పిల్లను తొట్టెలలో వేసిన రోజు అనంతగిరి ఇంట్లో చుట్టాలందరూ ఏసీ బిగించిన ఆ ఒక్క గదిలోనే కూర్చున్నారు. ఉప్పలమ్మ వచ్చినవాళ్ళకల్లా గోడమీదికి చెయ్యి చూపించింది. గోపిక తండ్రి బీరన్న తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని, "ఆడబిడ్డంటే గిట్లుండాలె. నా బిడ్డ అదృష్టం," అన్నాడు. కొత్తదేనా అని ఎవరో అడిగారు.

"మేం ఎక్కువ వాడలే," అంది సరళ.

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. కానీ ఆ పొగడ్తలు బాగున్నాయి. అన్నం తినేటప్పుడు గోపిక మరదలిగా కాక కూతురిలా కొసరి కొసరి వడ్డించింది. లీకు సంగతి చెబుదామనుకుంటూనే సరళ సాయంత్రం బస్సెక్కింది. ఆ తర్వాత చెప్పే అవసరమే రాలేదు.

మరుసటి ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం చిరంజీవి కోదాడ వచ్చాడు. కుడిచేతికి మోచేయి దాకా కట్టు ఉంది. సరళ కంగారుపడి లోపల కూర్చోబెట్టింది.

"ఏమైందిరా?"

చిరంజీవి తల వంచుకున్నాడు. "అక్కా, నువ్వు కోపం చేసుకోవద్దు. నువ్వు పెట్టిన ఏసీని ఖరాబ్ చేసిన."

ఏసీ మొన్న ఒక్కసారిగా చల్లదనం తగ్గిందట. ఊళ్ళోకి వచ్చిన ఒక మెకానిక్కు చూసి పాత గ్యాస్ దొరకదు, కొత్త గ్యాస్ ఇంకా మంచిది అని పోశాడట. చిరంజీవి బయటి యూనిట్ దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి కంప్రెసర్ రొద పెరిగి, పైపు టప్పున తెగి, గ్యాసంతా అతని చేతిమీద కొట్టింది. మంచుగడ్డ తగిలినట్టుందనుకున్నాడు. రాత్రికి చెయ్యంతా బొబ్బలెక్కింది.

"చల్లటిది తగిలినా కాలినట్టే తోలు ఊడుతదని దవాఖానల చెప్పినరు. తగ్గుతది, దానికేం లేదు. కానీ నువ్వు అంత మంచి మిషిన్ ఇస్తివి, ఒక్క ఏడు కూడా కాపాడుకోలేకపోతిమి. అమ్మ నీకు చెప్పొద్దన్నది. నాకే మనసొప్పలేదు."

లోపలి గదిలో కొత్త ఏసీ సన్నగా నడుస్తోంది. తమ్ముడు క్షమాపణ అడుగుతున్నాడు. ఇప్పుడే చెప్పాలి అనుకుంది సరళ. కానీ నోటివెంట వచ్చింది వేరే మాట.

"పోనీలేరా. వస్తువే గదా. నువ్వు బాధపడకు."

ఆ మాటకు చిరంజీవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమచేత్తో అన్నం తింటుంటే సరళ ముద్దలు కలిపి ఇచ్చింది. అతను వెళ్ళాక లోపలినుంచి ప్రవీణ్ వచ్చాడు. అంతా విన్నాడని ఆమెకు తెలిసింది. అతను ఖాళీ కంచం తీసుకెళ్ళి కడిగి పెట్టాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఎవరి నేరానికి ఎవరిని ఓదార్చి పంపిందో తలుచుకుంటే సరళకు అద్దంలో తన మొహం చూసుకోబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున్నే ఒక్కతే అనంతగిరి వెళ్ళింది.

చిరంజీవి గొర్లతో పోయాడు. ఉప్పలమ్మ పెరట్లో కట్టెల పొయ్యిమీద పిల్లకు నీళ్ళు కాచుతోంది. పొయ్యికి నాలుగడుగుల దూరంలోనే ఏసీ బయటి యూనిట్ ఉంది. తెగిన రాగిపైపు గాలిలోకి వంకరగా లేచి ఉంది. దస్రు అంటుకునే గ్యాస్ అన్న మాట సరళకు గుర్తొచ్చింది. ఆ రోజు పొయ్యి వెలిగి ఉంటే? గోడకవతల పిల్ల నిద్రపోతూ ఉండేది. ఆమె పొయ్యి పక్కనే కూలబడింది.

గోపిక చంకలో పిల్లతో వచ్చింది. "ఏమైంది వదినె? ఎండదెబ్బనా?"

"అది చెడిపోయిన ఏసీ గోపికా," అంది సరళ. "మీకు ఇచ్చేనాటికే చెడిపోయి ఉన్నది. మార్చుకోమని మెకానిక్ చెప్పిండు. వేరే గ్యాస్ పొయ్యొద్దని కూడా చెప్పిండు. ఆ మాట మీకు చెప్పమన్నడు. నేనే చెప్పలే."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఉప్పలమ్మ లేచి, కూతురి వైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. కూతురు పెట్టిన ఏసీ అని ఏడాదిగా ఊరంతా గొప్పగా చెప్పుకు తిరిగిన మనిషి ఆమె.

"పారేసే జాగా లేక మా ఇంట్ల పెట్టినవా వదినె?" గోపిక గొంతు పెంచలేదు. "మంచిగ లేదంటే మేం వద్దనకపోదుము. ఆ ఎండకు అదే పదివేలు అనుకుందుము. జాగ్రత్తగనన్న ఉందుము."

మధ్యాహ్నం చిరంజీవి వచ్చాక సరళ అదే సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అతను కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అప్పుడు చెప్పకపోతివి సరే. మొన్న నేను మీ ఇంటికొచ్చి గట్ల అడిగినప్పుడన్న చెప్పకపోతివేంది అక్కా?"

"సిగ్గేసిందిరా."

"మరి నా చేతికి కట్టు కనబడలేదా?"

కొత్త ఏసీ కొనిస్తానని సరళ అంటే చిరంజీవి లేచి బయటికి వెళ్ళాడు. గోపికే తేల్చింది. "నువ్వు కొనిచ్చేదేం లేదు. పొట్టేళ్ళు అమ్మినంక మేమే కొనుక్కుంటం. నువ్వొచ్చి ఏది మంచిదో, ఏది కాదో ఉన్నదున్నట్టు చెప్పు. అది చాలు."

సరళ పిలిపిస్తే దస్రు అనంతగిరి వచ్చి పాతదాన్ని విప్పాడు. గ్యాసంతా అప్పుడే పోయిందని చెప్పి, తెగిన పైపును చుట్టి పక్కన పెట్టాడు. కొత్త యూనిట్‌ను పొయ్యికి దూరంగా, ఇంటికి అవతలి గోడకు పెట్టాలని గోపికకు చోటు చూపించాడు.

పొట్టేళ్ళు అమ్మాక సరళ, గోపిక, చిరంజీవి ముగ్గురూ సూర్యాపేట వెళ్ళారు. దుకాణంలో కుర్రాడు తగ్గింపు ధరలో ఉన్న ఒకదాన్ని చూపిస్తుంటే, సరళ వెనకాల అంటించిన కాగితం చదివింది.

"ఇది ఏండ్ల కింద తయారైంది గోపికా. చవకని చూడకు. దాని పక్కది చూడు, ఆర్-32ది. రేకుల ఇల్లు గాబట్టి ఒకటిన్నర టన్నుది కావాలె. కరెంటు తక్కువ తాగుతది. లీకు వస్తే ఇదే గ్యాస్ పొయ్యాలె, వేరేది వద్దు. తెలిసిన మనిషితోనే చేయించాలె."

"నీ దగ్గరున్నది ఇదేనా?"

"ఇదే."

గోపిక ఆమె మొహంలోకి చూసి, బిల్లు రాయమంది. తిరుగు బస్సులో చిరంజీవి కిటికీ పక్క కూర్చున్నాడు. కట్టు విప్పిన చేతిమీద కొత్త చర్మం లేత ఎరుపులో ఉంది. సరళ పక్కన సీటు ఖాళీగానే ఉంది. కోదాడలో ఆమె దిగుతుంటే గోపిక పోయిరమ్మంది. చిరంజీవి తల ఊపాడు, అంతే.

ఆ ఎండాకాలమంతా తమ్ముడి నుంచి ఫోన్ రాలేదు. చేస్తే గోపికే ఎత్తేది, పిల్ల సంగతులు చెప్పేది. వానలు పడ్డాక గొర్లకు మందులు కొనడానికి చిరంజీవి కోదాడ వచ్చి, ఇంటి ముందు నిలబడి పిలిచాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు.

"అన్నం ఉందా అక్కా?" అని అడిగాడు.

సరళ వంటింట్లోకి వెళ్ళింది. అన్నం వడ్డిస్తూ కూడా అతని కుడిచేతి వైపు చూడలేకపోయింది.