రెండు ఎర్ర దీపాలు

తమ్ముడి చెయ్యి పడితే బాగుపడని సైకిలు లేదని అక్కకు గట్టి నమ్మకం. అందుకే తన కరెంటు సైకిలు ఉన్నట్టుండి ఎర్ర దీపం వెలిగించుకుని మొండికేస్తే, కంగారు పడకుండా అతని షాపుకు నెట్టుకొచ్చింది. ఆమె ఇంటింటికీ తిరిగి కట్లు కట్టే నర్సు. కొండ మీది వీధిలో ఓ ముసలాయన కాలి పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది. రోజూ కట్టు మార్చకపోతే మళ్లీ మొదటికొస్తుంది. మోకాళ్లు అరిగిన ఆమెకు ఆ ఎత్తు ఎక్కడానికి ఈ బండే దిక్కు.

"పోయింది బ్యాటరీయో మోటారో చిటికెలో తేలుస్తా, ఉండు," అన్నాడు తమ్ముడు.

అతని భార్య బండి కూడా అదే కంపెనీది, అదే రకం. దాని బ్యాటరీ అక్క బండికి, అక్క బ్యాటరీ దానికి మార్చి బిగించాడు. చెడినదాన్ని పట్టుకోవడానికి మంచిదాన్ని పెట్టి చూడటం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

భార్య బండిలోనూ ఎర్ర దీపం వెలిగింది. రెండు బండ్ల వెనక చక్రాలూ బిగుసుకుపోయాయి.

తమ్ముడు కంపెనీకి ఫోన్ చేస్తే, పలికిన అమ్మాయి గొంతు మహా తియ్యగా ఉంది. "బ్యాటరీలు మార్చారు కదండీ, దొంగతనం అనుకుని బండే తాళం వేసేసుకుందండీ."

"దొంగతనమేంటమ్మా, రెండూ మా ఇంట్లోవే!"

"మా మనిషి వచ్చేదాకా మోటారు మూత విప్పకండి. విప్పితే ఆ తాళం ఇక ఎప్పటికీ తెరుచుకోదండీ."

"ఎప్పుడొస్తాడు?"

"మీ ఊరికి ఇంకా ఎవర్నీ పెట్టలేదండీ."

"ఒకటి చెడిందని ఇస్తే రెండు చేసి పెట్టారు. మీ తమ్ముడి హస్తవాసి అంతే వదినా!" అంది గుమ్మంలోంచి మరదలు.

అక్కకు నవ్వు రాలేదు. సంచి భుజాన వేసుకుని కొండదారి పట్టింది. సగం ఎత్తులో మోకాలు ఇక వంగనంది. పైన ముసలాయన కిటికీ కనిపిస్తూనే ఉంది. గోడ పట్టుకుని కూర్చుంటే ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తన బండి, తన తమ్ముడు, అయినా ముట్టుకోవడానికి ఎవడో అనుమతివ్వాలట! చేసేది లేక కుంటుకుంటూ దిగొచ్చింది.

షాపులో తమ్ముడు ఊరికే కూర్చుని, మసి అంటని చేతులను అలవాటుగా గుడ్డకు తుడుచుకుంటున్నాడు. అప్పుడే ఆమె ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడిదాకా వచ్చావు?" అన్నాడు ముసలాయన. "నువ్వు చెప్పినట్టే కట్టు తడిపి, విప్పేసి కూర్చున్నా."

పని తొందరగా అవుతుందని ఆ పద్ధతి ఆయనకు నేర్పింది తనే.

"శుభ్రమైన గుడ్డ కప్పుకోండి. వస్తున్నా."

తమ్ముడు స్క్రూడ్రైవరు అందుకుని బండి దగ్గర కూలబడ్డాడు. "ఏమైతే అయింది, విప్పేస్తానక్కా!"

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దురా. విప్పితే బండి ఇక ఎప్పటికీ కదలదు, రేపు కూడా ఆయనకి కట్టు మార్చాలి. లే, నన్ను పట్టుకుని నడిపించు."