నవ్వని పొట్టేలు

మాంసమూ బంగాళాదుంపలూ పేర్చిన పళ్ళేన్ని ఓవెన్‌లోకి తోసి, చేతులు తుడుచుకుని, మార్లిస్ పొట్టేలు బొమ్మకి కనురెప్పల వెంట్రుకలు గీయడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది. రేపు పొద్దున్నకల్లా బొమ్మ ప్రింటింగువాళ్ళకి చేరాలి. కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు కొత్త చొక్కాల మీదా సంచుల మీదా అదే ఉంటుంది.

ఈ పని అంటగట్టిన రోజు స్పోర్ట్స్ డైరెక్టర్ కర్టిస్ ఎంత తేలిగ్గా అన్నాడో. "కోచ్ భార్యవి, నీకు డబ్బులిస్తే ఏం బావుంటుంది. ఇంటి పనే అనుకో." మగపిల్లల జట్టు కోచ్ వెర్న్, అంటే ఆమె మొగుడు, పక్కనే నిలబడి తలాడించాడు.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి గొర్రెలున్నాయి. కాలేజీ పెట్టిన కొత్తలో దాని గుర్తు కూడా మామూలు పొట్టేలే, ఎవరి జోలికీ పోకుండా గడ్డి నములుతూ ఉండేది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు దానికి పిడికిళ్ళు పెట్టారు. తర్వాతివాళ్ళు కండలు పెంచారు. వెర్న్ ఆడే రోజులకి ఒళ్ళంతా పోయి, బుసలు కొట్టే ముక్కుతో, ఎర్రటి కళ్ళతో తలకాయ ఒక్కటే మిగిలింది. చట్టం వచ్చి ఆడపిల్లలకీ జట్టు పెట్టక తప్పనప్పుడు అదే తలకాయకి కొమ్ములు కత్తిరించి, గులాబి రిబ్బను కట్టి, కళ్ళకి ఇంతేసి రెప్పవెంట్రుకలు తగిలించి "లేడీ పొట్టేళ్ళు" అన్నారు. పొట్టేళ్ళలో ఆడదేమిటని గొర్రెల మధ్య పుట్టి పెరిగిన ఒక్క మగాడికీ తోచలేదు.

పోయిన వారం ఆడపిల్లల జట్టు కెప్టెన్ బ్రిట్టా ఇంటికొచ్చింది. "మేం ఆడుతుంటే అవతలి కాలేజీ కుర్రాళ్ళు రెప్పలు టపటపలాడిస్తూ ముద్దుల చప్పుళ్ళు చేస్తున్నారు. ఈసారైనా అవి తీసేస్తారా?" అనడిగింది. మార్లిస్ వెళ్ళి కర్టిస్‌కి చెప్పింది.

"సరే, రిబ్బను తీసెయ్. రెప్పలుండనీ. కాస్త నవ్వు కూడా పెట్టు, ముద్దుగా ఉంటుంది."

నవ్వు పెట్టు. పెళ్ళి ఫోటో దగ్గర అత్తగారన్న మాటా అదే, పళ్ళు కనిపించేలా నవ్వు, ఏదో పోగొట్టుకున్నదానిలా ఏమిటా మొహమని. ఆట ఓడిన ప్రతి రాత్రీ వెర్న్ మాటా అదే, ఇంటికొస్తే నీ మొహమైనా నవ్వుతూ ఉండకూడదా అని. కడుపు పోయి ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే కర్టిస్ ఇంట్లో విందు. కారు ఆపి, టై సర్దుకుంటూ, "లోపలికెళ్ళాక నవ్వు" అన్నాడు వెర్న్. ఆమె నవ్వింది. భోజనమంతా నవ్వింది, ఎవరి పిల్లల కబుర్లకో నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. వెర్న్ మీద అసహ్యం, వాళ్ళందరి మీదా అసహ్యం, చెప్పగానే సాగిన తన పెదాల మీద మరీ అసహ్యం.

ఆమె రెప్పలు చెరిపేసింది. కొమ్ములు వాటి పొడుగుకి వాటిని రానిచ్చింది. నోరు మూసింది. కళ్ళని మాత్రం చాలాసేపు దిద్దింది.

వెర్న్ వచ్చి భుజం మీదుగా చూశాడు. "ఎందుకంత కోపంగా ఉంది?"

"కోపం కాదు. నవ్వమని ఎవరూ చెప్పకపోతే మా మొహాలు ఇలాగే ఉంటాయి."

"కర్టిస్ ఒప్పుకోడు. ముందు అన్నం సంగతి చూడు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మార్లిస్ బొమ్మని ప్రింటింగువాళ్ళకి పంపేసింది. తర్వాత అదే మొహంతో అతని వైపు తిరిగింది.

"ఓవెన్‌లో ఉంది వెర్న్. తీసుకో."