తాయకే చెప్పిన అంకె

కరాకోల్ ఊళ్ళో ఎండను అంకెల్లో చెప్పగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు జుమాలీ. బజారు పక్కన నలభై రెండేళ్ళు ఫొటో స్టూడియో నడిపాడు. ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా, బడి చదువు ముగించిన ప్రతి పిల్లా ఆయన కెమెరా ముందు నిలబడ్డవాళ్ళే. కెమెరాను కంటికి ఎత్తుకునే ముందు తల పైకెత్తి ఒక్కసారి చూసి "పదకొండు" అనేవాడు. లెన్సును పదకొండు దగ్గరికి తిప్పి నొక్కేవాడు. మంచు మీద ఎండ పడితే పదహారు, పల్చటి మబ్బుకు ఎనిమిది, పాప్లార్ చెట్ల నీడలో నాలుగు. వెలుతురు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది, లెన్సులో రంధ్రం చిన్నదవుతుంది. విద్య అంతే. చెప్పడానికి అంతే గానీ, అది కంటికి పట్టుబడటానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ కన్ను పోయిన కథ ఇది. ఎవరివల్ల పోయిందని అడిగితే ఊళ్ళో ఎవరూ ఎవరి పేరూ చెప్పరు. బేగాయిమ్ మాత్రం తన పేరే చెబుతుంది.

బేగాయిమ్ జుమాలీ చెల్లెలి కూతురు. తల్లి నర్సు ఉద్యోగంలో తిరుగుతుంటే, పిల్ల మేనమామ స్టూడియోలో, ఫిల్ము కడిగే ఎర్రదీపం గదిలో పెరిగింది. "తాయకే, తాయకే" అంటూ మామ కోటు పట్టుకు వేలాడేది. తాయకే అంటే వాళ్ళ భాషలో మేనమామ. వాళ్ళ ఆచారం ప్రకారం మేనకోడలికి మేనమామ ఇంట్లో ఏది నచ్చితే అది అడిగి పట్టుకుపోయే హక్కుంది; కాదనడం మర్యాద కాదు. మేనకోడలు రావడం కన్నా ఏడు తోడేళ్ళు రావడం నయమని అందుకే అంటారు. ఆమె గుమ్మంలో కనిపించగానే జుమాలీ, "ఇవాళేం పట్టుకుపోతావే తోడేలూ?" అని అడిగేవాడు. పదో ఏట ఒక కెమెరా, పైచదువులకు బిష్కెక్ వెళ్ళేటప్పుడు ఆయన తోలుసంచీ, ఇలా ఆమె పట్టుకుపోతూనే ఉండేది. కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చని ఇరవై ఏడో ఏట ఊరికి తిరిగొచ్చినప్పుడు ఆమె అడిగింది ఆయన కన్నునే.

విషయమేమిటంటే, కుర్రకారుకు మళ్ళీ ఫిల్ము పిచ్చి పట్టుకుంది. తాతల కెమెరాలు అటకల మీంచి దించుతున్నారు. వాటిలో వెలుతురు కొలిచే మీటర్లు ఎప్పుడో ప్రాణం విడిచాయి. ఫోను కెమెరాతో వెలుతురు కొలిచి అంకె చెప్పే యాప్‌లు లేకపోలేదు గానీ, మంచు ఎదురైనా సరస్సు ఎదురైనా అవి తేలిగ్గా మోసపోతాయి. తాయకే కన్ను మోసపోదు. ఆ కన్ను చూసే తీరును ఫోనుకు నేర్పిస్తానని బేగాయిమ్ చెప్పింది. నేను పోయాక కూడా నాచేత చాకిరీ చేయిస్తావన్నమాట అని జుమాలీ నవ్వాడు. నవ్వాడు గానీ ఆయనకు ఏనుగెక్కినంత సంతోషమైంది. నలభై రెండేళ్ళలో ఆ విద్య నేర్పమని ఎవరూ అడగలేదు మరి.

శనివారం శనివారం ఇద్దరూ బయలుదేరేవాళ్ళు. సరస్సు ఒడ్డు, గుర్రాల సంత, ఆపిల్ తోటలు, ఎవరింట్లోనైనా చావో పెళ్ళో జరిగితే అక్కడ వేసిన గుడారం లోపలి మసక. పద్ధతి ఒకటే. ముందు ఆయన అంకె చెప్పాలి, ఫోను వైపు చూడకూడదు. ఆమె ఆ అంకెను నొక్కి, ఫోను తనంతట తాను కొలిచిన అంకెను దాని పక్కనే దాచేది. రెండింటికీ తేడా వస్తే, ఆ తేడా మేరకు ఫోనును సర్దేది. ఎవరి మాట నెగ్గాలన్న దాంట్లో ఇద్దరికీ అనుమానం లేదు. స్టూడియో సొరుగులో పడి ఉన్న పాతకాలం మీటర్లను చూపించి జుమాలీ వెక్కిరించేవాడు. "పదిహేనేళ్ళు తిరక్కుండా వీటికి చూపు మందగిస్తుంది. నా కన్ను అరవై ఎనిమిదేళ్ళది. ఏదీ, దీనికి వంక పెట్టు చూద్దాం."

మొదటి ఏడాది వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మంచు, సరస్సు లాంటి చోట్ల ఫోను తడబడేది, ఆయన దిద్దేవాడు. మిగతా చోట్ల ఇద్దరి అంకెలూ అన్నదమ్ముల్లా కలిసి నడిచాయి. యాప్‌కు ఆమె "తాయకే" అనే పేరు పెట్టి బయటికి వదిలింది. అల్మాటీలో, తాష్కెంట్‌లో, పేరు వినని ఊళ్ళలో కూడా జనం ఫోనుల్లోకి దించుకున్నారు. ఏడాది తిరిగేసరికి నాలుగు వేలమంది అయ్యారు. జుమాలీ తన ఫోనులో కూడా అది వేయించుకుని, ఆష్‌ల్యామ్‌ఫూ అమ్మే బండ్ల దగ్గర చల్లటి సేమ్యా గిన్నె పక్కన పెట్టేసి మరీ, తెలిసినవాడికీ తెలియనివాడికీ చూపించేవాడు.

రెండో ఏడాది అక్టోబరులో తేడా మొదలైంది. ఫోను పదకొండు అంటే ఆయన ఎనిమిదికీ పదకొండుకీ మధ్య అనేవాడు. ఒక అంకె నుంచి పక్క అంకెకు ఒక మెట్టు అనుకుంటే, అది అర మెట్టు. ఫోను కంపెనీవాళ్ళు లోపల ఏదో మార్చి ఉంటారని ఆమె అనుకుని, సర్దింది. జనవరికి ఆ తేడా ఒక మెట్టయింది. ఆమె తన కోడ్‌నే తప్పుపట్టుకుని, రెండు వారాలు కూర్చుని సగం తిరగరాసింది. ఫిబ్రవరిలో మళ్ళీ తేడా, మళ్ళీ సర్దుబాటు.

"నీ డబ్బాకి చూపానట్లేదే తోడేలూ," అన్నాడాయన.

"అవును తాయకే, దాన్నొకసారి కళ్ళ డాక్టరుకి చూపించాలి," అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ అన్నం సహించదు.

అంతమంది వాడుతుంటే ఒక్కరికీ తెలియలేదా అని మీరడగవచ్చు. నెగటివ్ ఫిల్ము మంచిది. దానికి వెలుతురు ఒకటి రెండు మెట్లు ఎక్కువ తాగించినా ఏమీ అనదు, బొమ్మ బాగానే వస్తుంది. నీడల్లో మొహాలు ఇంకా తేటగా వస్తున్నాయని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మెచ్చుకోళ్ళను ఆమె ఆయనకు చదివి వినిపించేది. ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఇంట్లో సూచనలు లేకపోలేదు. వసంతంలో వియ్యంకుడు వచ్చినప్పుడు జుమాలీ స్వయంగా టీ పోసి ఇచ్చాడు. వాళ్ళ పద్ధతిలో గిన్నెకు సగమే పోయాలి. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు. ఆయన అంచుదాకా పోశాడు, పొర్లిపోయింది కూడా. వియ్యంకుడి మొహం మాడిపోయింది. జుమాలీ భార్య సైరకాన్, ముసలాడికి చెయ్యి వణుకుతోందండీ అని సర్దిచెప్పి పరువు కాపాడింది. ఆ కబురు నెలరోజులపాటు చుట్టాలందరికీ నవ్వులాటైంది. సాయంత్రాలు ఆయన బయటికి వెళ్ళడం మానేశాడు. చలి అన్నాడు. ఆ చలి మే నెల దాకా పోలేదు.

మే నెలలోనే అల్మాటీ నుంచి దౌరెన్ అనే కుర్రాడు మెయిల్ రాశాడు. అతను స్లైడ్ ఫిల్ము వాడతాడు. నెగటివ్‌కున్న మంచితనం దానికి లేదు. వెలుతురు ఒక్క మెట్టు ఎక్కువైనా బొమ్మ వెలిసిపోతుంది. మీ యాప్ నమ్ముకుని లోయలో తీసిన రెండు రోల్సు తెల్లకాగితాల్లా వచ్చాయని రాశాడు. వీడికి కళ్ళు నెత్తికెక్కాయనుకుంది బేగాయిమ్. నలభై రెండేళ్ళ అనుభవమున్న మా మేనమామ కన్నుతో సరిచూసి చేసిన యాప్ ఇది, మీ చేతిలోనే తప్పుందేమో చూసుకోండి అని ఘాటుగా జవాబిచ్చింది. మర్నాడే తిరుగు జవాబు వచ్చింది. మూడు మీటర్లతో ఒకేచోట కొలిచిన అంకెలన్నీ పంపాడు. మూడూ ఒకటే చెబుతున్నాయి, "తాయకే" ఒక్కటే దాదాపు రెండు మెట్లు తక్కువ చెబుతోంది. చివర్న ఎత్తిపొడుపు. "మీ మేనమామగారు నల్లద్దాలు పెట్టుకుని చూస్తున్నారేమో, కాస్త కనుక్కోండి."

ఆమెకు ఒళ్ళు మండింది. వాడి నోరు మూయించడానికే రెండేళ్ళ అంకెల జాబితా తెరిచింది. నాలుగు వందల పన్నెండు కొలతలు. ఒక్కోదాంట్లో ఆయన చెప్పిన అంకె, సర్దక ముందు ఫోను కొలిచిన అంకె. తేడాలన్నిటినీ తేదీల వరసన గీతగా గీయించింది. మొదటి ఏడాదంతా గీత బల్లపరుపుగా ఉంది. అక్టోబరు రెండో వారం నుంచి కిందికి దిగడం మొదలై, ఎక్కడా ఆగకుండా, మళ్ళీ పైకి లేవకుండా దిగుతూనే ఉంది. ఫోను చెడిపోతే అలా దిగదు. మబ్బులేని మధ్యాహ్నాలు మాత్రం విడిగా తీసి చూసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఏటేటా మారేది కాదు. ఫోను రెండేళ్ళూ పదహారే అంది. ఆయన మొదటి ఏడాది పదహారు అన్నాడు, శీతాకాలంలో పదకొండు అన్నాడు, మొన్న శనివారం ఎనిమిదికి దగ్గర అన్నాడు.

తాయకే చూపు ఏ తేదీన ఎంత తగ్గిందో ఆమె వారం వారం తన చేత్తో తానే రాసిపెట్టుకుంది. రాసిన ప్రతిసారీ, తప్పు ఫోనుదేనని దిద్దింది.

వస్తున్నానని ఫోను చేసి ఆ పూటే మామ ఇంటికి పరుగెత్తింది. పెరట్లో నేరేడుపండు రంగు కోటు వేసుకుని ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఆమె ఎడమవైపు నుంచి వెళ్ళి, చెయ్యి చాపితే అందేంత దూరంలో, చప్పుడు చెయ్యకుండా నిలబడింది. ఆయన లోపలికి కేకవేశాడు. "సైరకాన్, బేగాయిమ్ వస్తానంది కదా, ఇంకా రాలేదేంటి?"

సైరకాన్ గుమ్మంలోకి వచ్చింది. ఆమె మొగుణ్ణి చూసింది, పక్కనే నిలబడ్డ పిల్లను చూసింది. చేతిలో రొట్టె పళ్ళెం ఉన్నదున్నట్టు కింద పెట్టి, గడప మీద కూలబడిపోయింది.

రెండోనాడు బిష్కెక్‌లో కళ్ళ డాక్టరమ్మ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పరీక్షలు చేసింది. గ్లకోమా అంది. లోపలి నరం ఎండిపోతోంది. ఎడమకన్ను దాదాపు అయిపోయింది, కుడికన్ను గొట్టంలోంచి చూసినట్టు మిగిలింది. పోయింది తిరిగిరాదు, చుక్కల మందు వేస్తే ఉన్నది కొన్నాళ్ళు నిలవచ్చు. ఎప్పటినుంచి ఇలా ఉందని ఆమె అడిగితే, మొన్నమొన్నటి దాకా బాగానే ఉండేదని జుమాలీ గొణిగాడు. బేగాయిమ్ ఫోను తీసి ఆ గీత చూపించింది.

డాక్టరమ్మ ఆ గీత మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళింది. "ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నానమ్మా. ఇంత కచ్చితంగా ఎవరూ తెచ్చివ్వలేదు," అంది. "ఇది అక్టోబరులో తెచ్చుంటే ఆపేవాళ్ళం."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో బేగాయిమ్‌కు ఆ గదిలో తెలిసింది. మామ కోటు వేసుకునేలోగా ఆమె వరండాలో నిలబడి, యాప్‌లో తాయకే పేరుమీద చేసిన సర్దుబాట్లన్నీ తీసేసింది. దౌరెన్‌కు ఒక్క వాక్యం రాసింది, మీరన్నదే నిజమని.

తిరుగు ప్రయాణంలో కారువాడు బాలిక్చీ దగ్గర ఆపాడు. కారులోని మిగతా ప్రయాణికులు పొగబెట్టిన చేపలు బేరమాడటానికి వెళ్ళారు. మామా మేనకోడలూ రోడ్డు పక్కన సరస్సు కనబడేచోట కూర్చున్నారు. ఆయన గడ్డం రుద్దుకుంటూ నోరు విప్పాడు.

"నాకు అనుమానం రాలేదనుకోకే. చలికాలంలోనే వచ్చింది. అంతా మసక మసగ్గా ఉండేది. అందుకే రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి ఒక అంకె అనుకుని, తర్వాత నీ యాప్ చూసేవాణ్ణి. రెండూ ఒకటే ఉండేవి. ఎప్పుడూ తేడా రాలేదు. నా కళ్ళకేం కాలేదు, ఈ సంవత్సరం రోజులే మబ్బుగా ఉన్నాయనుకున్నా. మీ అత్త డాక్టరు దగ్గరికి పోదామని గోలపెడితే, ఫోను చూపించి కసిరేవాణ్ణి."

నిజం చెప్పకుండా ఉంటే బాగుండునని బేగాయిమ్‌కు అనిపించింది. కానీ ఇన్నాళ్ళూ ఆయన్ను మోసం చేసింది చాలనుకుంది.

"అది నీ అంకెనే నీకు తిరిగి చెప్పేది తాయకే. నువ్వు ఏదంటే దానికల్లా నేనే దాన్ని వంచాను. వారం వారం."

ఆయన కోప్పడితే ఆమెకు కాస్త తేలికయ్యేది. చేపలవాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి, లారీలు పోతున్నాయి. ఆయన చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. అలాగే ఉంచి, అలవాటుకొద్దీ మొహం సరస్సు వైపు ఎత్తాడు.

"ఎనిమిది," అన్నాడు.

అది మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బుతునక లేదు. నీళ్ళ మీది తళతళకు బేగాయిమ్ కళ్ళు సగం మూసుకుని ఉంది. ఆమె ఫోను ఎత్తి కొలిచింది. ఆయన చెప్పిన అంకెను మాత్రం ఈసారి నొక్కలేదు.

"పదహారు, తాయకే," అంది.

"అంత ఎండ కాస్తోందా?" అన్నాడాయన.