సుర్సత్తీ చూపుడువేలు

మంగళ, గురువారాల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి సుర్సత్తీ ఫులౌరీల, అంటే పప్పుపిండి పునుగుల గిన్నె చంకన పెట్టుకుని, న్యూయార్కు లిబర్టీ అవెన్యూలో రోటీ కొట్టు పక్కనున్న మెట్లెక్కేది. మధ్యలో ఆగి, కొట్టువాడికి వినబడేలా ఒకసారి దగ్గేది. పదకొండేళ్ళ కిందట వాడు ఆమె చేసిన దాల్‌పూరీ మందంగా ఉందన్నాడు. అప్పట్నుంచి ఆ కొట్టులో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వాడు ఆ మాట ఎప్పుడో మర్చిపోయాడు. మర్చిపోవడం ఇంకా పెద్ద తప్పని ఆమె ఉద్దేశం.

పైన పొడుగాటి గది ఒకటి. తలుపు మీద ఇంగ్లీషులో సంస్థ పేరు బారెడుండేది గానీ అందరూ "మేడ" అనేవాళ్ళు. బడి వదలగానే పంజాబీ పిల్లలు, బంగ్లా పిల్లలు, నేపాలీలు, తాతలనాడు చెరుకుతోటల పనికి ఓడలెక్కిన మనవాళ్ళ పిల్లలు, గయానా నుంచీ ట్రినిడాడ్ నుంచీ వచ్చినవాళ్ళు, అంతా అక్కడికే చేరేవాళ్ళు. గుమ్మం దగ్గర బూట్ల గుట్ట. లెక్కలు రానివాళ్ళకి లెక్కలు చెప్పేవాళ్ళు, కాలేజీ కాగితాలు అర్థం కానివాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళు. ఇంట్లో చెప్పుకోలేనిది ఏదైనా ఉన్నవాళ్ళకి బీరువా వెనక ఒక కుర్చీ ఉండేది. సంస్థ నడిపే నుస్రత్ బంగ్లాదేశ్ లాయరమ్మ, అందరికీ ఆపా, అంటే అక్క. సుర్సత్తీ అందరికీ ఆజీ, అంటే నాయనమ్మ.

ఫులౌరీలు పంచి, మామిడికాయ పచ్చడి మూత పెట్టి, సుర్సత్తీ చేతులు రెండుసార్లు కడుక్కునేది. కిటికీ పక్కన కూర్చుని కుడిచేతి చూపుడువేలు తుడుచుకునేది. అప్పుడు పిల్లలు ఇళ్ళకొచ్చిన ఉత్తరాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు.

ఆమెకి చదువు రాదు. తన పేరులో మొదటి అక్షరం, ఇంటికి వెళ్ళే బస్సు నంబరు గుర్తుపడుతుంది, అంతే. కానీ కాగితం మీద ఆమె వేలు ఆనితే, రాసిన మనిషి గొంతుతో కాగితం మాట్లాడేది. గట్టిగా నొక్కితే రాసేటప్పుడు ఆ చుట్టుపక్కల ఏం వినబడిందో అదీ బయటికొచ్చేది. ఒకసారి ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారని ఒక నేపాలీ పిల్ల ఏడుస్తూ ఉత్తరం తెచ్చింది. సుర్సత్తీ నొక్కింది. "ఇలాంటివి రెండొందలు పంపాం. ఒక్కడైనా కదిలాడా?" అని ఎవడో నవ్వాడు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని ఇంకో నాలుగు ఫులౌరీలు పెట్టించుకుంది.

"మడతపెట్టిన కాగితం తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? మడత దగ్గర గొంతు విరిగిపోతుంది. నువ్వా నమలడం ఆపు, నీ నోటి చప్పుడే వినబడుతోంది."

అందరి కాగితాలూ చూసేది. ఒక్క బాబ్సీవి తప్ప.

బాబ్సీకి ఇరవయ్యేళ్ళు. పదిహేనో ఏట గయానా నుంచి మేనమామ ఇంటికొచ్చింది. ఆయన పోయాక ఆయన భార్య, మామీ దగ్గరే ఉంటోంది. చిన్నపిల్లలకి లెక్కలు చెప్పేది తనే. గుణకారం తప్పు చేస్తే, "మీ గాడిద కూడా ఇంతకన్నా నయం," అనేది, అచ్చం వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మలాగే. ఆ నానీ పేరు దన్‌రాజీ, ఇప్పుడు బతికి లేదు. సుర్సత్తీది, దన్‌రాజీది గయానాలో ఒకటే ఊరు.

నలభై ఏళ్ళ కిందట ఊరి మందిరం సంఘంలో పేర్లు రాయించుకుంటున్నప్పుడు సుర్సత్తీ వంతొచ్చింది. పుస్తకంలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీసింది. పక్కనే ఉన్న దన్‌రాజీ తొంగి చూసి, "కోడి కాలితో గీరినట్టుంది," అని నలుగురిలో నవ్వింది. తన పేరు మాత్రం గుండ్రంగా, తోకలు పెట్టి రాసుకుంది. అంతే, ఆ రోజు నుంచి సుర్సత్తీ పేరు కోడికాలు. ఆమె పిల్లలు కోడికాలు పిల్లలు. సంతలో కోడికాలు, చావింట్లో కోడికాలు. ఊరు విడిచి న్యూయార్కు వచ్చేదాకా ఆ పేరు ఆమె వెంటే నడిచింది.

ఆ గురువారం నుస్రత్ పచ్చడి గిన్నె పక్కకి జరిపి ఎదురుగా కూర్చుంది.

"ఆజీ, నీతో పనుంది."

"దన్‌రాజీ మనవరాలి గురించైతే లేదు."

"ముందు విను. తల్లి పోయింది, తండ్రి వదిలేశాడు అని జడ్జి రాసిస్తేనే ఆ పిల్లని ఈ దేశంలో ఉండనిస్తారు. అదీ ఇరవై ఒకటి నిండకముందే. వచ్చే శుక్రవారం పుట్టినరోజు. బుధవారం కోర్టు. అదే ఆఖరు."

"తండ్రి వదిలేశాడని లోకానికంతా తెలుసు కదా."

"లోకం కోర్టుకి రాదు. మామీ వేరే ఊరామె, విన్నదే తప్ప చూసింది లేదు. నువ్వేమో ఆ పిల్ల పుట్టకముందే ఊరు విడిచొచ్చావు. మీ ఊరివాళ్ళు ఇక్కడ ఇద్దరున్నారు, వాళ్ళకే కాగితాలు లేవు, కోర్టు వీధిలోకే రారు. ఉన్నదల్లా ఒక్క ఉత్తరం. దన్‌రాజీ బడి హెడ్‌మిస్ట్రెస్‌కి రాసింది. తండ్రి వెళ్ళిపోయాడని అందులో ఉంది. కానీ మీవాళ్ళు చేసే పనే ఆవిడా చేసింది."

"ఏం చేసింది?"

"బాబ్సీ అని రాసింది."

సుర్సత్తీకి వెంటనే అర్థమైంది. మనవాళ్ళలో ఎవరికైనా రెండు పేర్లు. ఒకటి పుస్తకం పేరు, అది కాగితాలకి. ఇంకొకటి పిలుపు పేరు, అది మనుషులకి. పక్కింటివాళ్ళ పుస్తకం పేరు వాళ్ళు చచ్చిపోయాక రేడియో చావు ప్రకటనల్లో విని, "ఎవరబ్బా?" అనుకునేవాళ్ళు. బాబ్సీ పుస్తకం పేరు లీలావట్టీ. లీలావట్టీని తండ్రి వదిలేశాడని ఏ కాగితంలోనూ లేదు. బాబ్సీ ఎవరో కోర్టుకి తెలీదు.

"జడ్జిగారి గుమస్తాతో మాట్లాడాను," అంది నుస్రత్. "వేలు తీసుకురండి, కాకపోతే నూనె లేకుండా రమ్మనండి, పోయినేడు కాగితం మీద మరక పడింది అన్నాడు."

"వాడికీ నేనంటే లోకువే. దన్‌రాజీ నోరు నా వేలి కింద మోగదు ఆపా. చచ్చినా సరే."

గిన్నె ఎత్తుకుని లేచింది. మెట్ల మీద బాబ్సీ కూర్చుని ఉంది. దారివ్వకుండా అలాగే కూర్చుంది.

"జరుగు."

"ఆజీ, మా నానీ నిన్నేమందో నాకు తెలుసు."

సుర్సత్తీ చెయ్యి గోడకి ఆనింది. "ఎవరు చెప్పారు?"

"తనే. నవ్వుకుంటూ చెప్పేది."

"ఇంకా నవ్వేదా? సిగ్గు లేదూ ఆవిడకి?"

"ఉంటే నాకు లీలావట్టీ అని పెడుతుందా? నా పుస్తకం పేరు పన్నెండేళ్ళు వచ్చేదాకా నాకే తెలీదు. పరీక్షలో లీలావట్టీ, లీలావట్టీ అని మూడుసార్లు పిలిచారు. ఈ పిల్లెవరో ఎంత పొగరుబోతు, లేవట్లేదు అనుకుంటూ నేనూ అటూ ఇటూ చూస్తున్నా."

సుర్సత్తీకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి మార్చేసింది.

"నన్ను బతిమాలడానికొచ్చావా?"

"లేదు. నాకు బతిమాలడం రాదు, మా నానీ నేర్పలేదు. అక్కడికి పంపేస్తే నాకెవరూ లేరు, ఆ ఇల్లు కూడా అమ్మేశారు. అది నీకు తెలియాలని చెప్పా. అంతే." ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పలేదు. పెదవి కొరుక్కుని గోడవైపు జరిగింది.

సుర్సత్తీ కిందికి దిగిపోయింది. ఆ రోజు కొట్టు ముందు దగ్గడం మర్చిపోయింది.

బుధవారం పొద్దున కోర్టు వరండాలో నుస్రత్, బాబ్సీ బల్ల మీద కూర్చుని ఉంటే, ఇస్త్రీ చేసిన గౌను, తల మీద తెల్ల ఓఢ్నీ వేసుకుని సుర్సత్తీ వచ్చింది. "సబ్బుతో మూడుసార్లు కడిగానని ఆ గుమస్తాకి చెప్పు," అని నుస్రత్‌తో అంది.

జడ్జి నెరిసిన జుట్టాయన. ఉత్తరం బల్ల మీద చదునుగా పరిచారు. సుర్సత్తీ కళ్ళు మూసుకుని వేలు ఆనించింది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే బొంగురు గొంతు.

"హెడ్‌మిస్ట్రెస్... మిస్ గారికి. బాబ్సీ... సోమవారం... రాలేదు. జ్వరం. దాని నాన్న... బంగారం తవ్వే అడవికి పోయి... తొమ్మిదేళ్ళు. ఉత్తరం లేదు. మనిషి లేడు. దానికి నేను... నాకు అది. ఇట్లు దన్‌రాజీ."

ఇదేంటి, ఇంత నత్తనడక? అందరినీ మాటలతో కోసేసే మనిషి. సుర్సత్తీ భృకుటి ముడిపడింది.

"విన్నాను," అన్నాడు జడ్జి. "నాకు కావాల్సింది ఒక్కటే. ఈ బాబ్సీ ఎవరు?"

సుర్సత్తీ గట్టిగా నొక్కింది.

రేకుల మీద వాన కోర్టు గదంతా కురిసింది. ఎక్కడో కోడి అరిచింది. కలం గీరుకుంటూ గీరుకుంటూ ఆగింది.

"ఒసే బాబ్సీ, నీ పుస్తకం పేరు ఎట్లా రాస్తారే?"

"లీలావట్టీ, నానీ." జ్వరంలో నీరసంగా ఓ పిల్ల గొంతు.

"పలకడం నాకూ వచ్చు. రాయడం చెప్పు."

"ఎల్. తర్వాత ఈ."

"ఈ అంటే మూడు పళ్ళ దువ్వెనేనా?"

"ఆ. తర్వాత ఇంకో దువ్వెన."

"మళ్ళీనా! అబ్బ, ఎంత పొడుగే తల్లీ, గోదాం గేటులాగా. వద్దులే. బాబ్సీ చాలు. ఆవిడకి తెలీదా ఏంటి? సరే, జ్వరం అంటే ఏ అక్షరంతో మొదలు?"

టైపు చేసే ఆమె చేతులు టకటకా కదులుతున్నాయి. జడ్జి తల ఊపుతున్నాడు. సుర్సత్తీకి మాత్రం గదిలో ఇంకెవరూ లేరు. అంటే దన్‌రాజీకి రాదు. ఆ గుండ్రటి పేరు, ఆ తోకలు, అదొక్కటే నేర్చుకుంది. పక్కనున్న పిల్ల ఒక్కో అక్షరం చెబితే తప్ప జ్వరం అన్న మాట కూడా రాయలేదు. నలుగురిలో నవ్విన ఆ నోరు.

వాన హోరు పెరిగింది. ఆ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"బాబ్సీ, ఎవరికీ చెప్పకే. నాకు రాయడం రాదని ఒక్కరికి కూడా చెప్పనని మాటివ్వు. ఒకప్పుడు నేను మందిరంలో ఒక ఆడమనిషిని నలుగురి ముందు..."

సుర్సత్తీ వేలు తీసేసింది.

వాన ఆగిపోయింది. గుమస్తా తలెత్తాడు. "ఇంకా ఏదో ఉన్నట్టుందమ్మా."

"పేరు దొరికింది కదా బాబూ. ఇంకేం కావాలి మీకు?"

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పేరు రెండుసార్లు సరిచూసుకుని, తండ్రి వదిలేశాడని రాసి, కింద సంతకం పెట్టాడు. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. నుస్రత్ ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని, నకళ్ళు తీయించడానికి పరిగెత్తింది.

బయట మెట్ల మీద ఎండ బాగా కాస్తోంది. బాబ్సీ ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. సుర్సత్తీ పక్కన, ఆమెని తాకకుండా నడుస్తోంది.

"నీకు తెలుసు," అంది సుర్సత్తీ. "ఆవిడకి రాయడం రాదని. ఆ రోజు మెట్ల మీద ఆ ఒక్క ముక్క చెప్పుంటే నేను ఎగిరి గంతేసి వచ్చేదాన్ని."

"తెలుసు."

"ఇక్కడినుంచి పంపేస్తారని తెలిసీ చెప్పలేదు."

ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. బాబ్సీయే నెమ్మదిగా అంది.

"ఆజీ, ఆ తర్వాత నానీ నీ గురించే అంది. మిగతాది నాకు గుర్తుంది. ఇప్పుడు చెప్పొచ్చేమో. చెప్పనా?"

సుర్సత్తీ బస్సు నంబరు కోసం రోడ్డువైపు చూసింది. ఆమెకి వినాలని ఉంది. ఈ నలభై ఏళ్ళూ ఆ ఒక్క మాట కోసమే ఉన్నట్టుంది.

"వద్దు," అంది. "మాటిచ్చావు కదా."