మమ్మల్ని అడిగారా?

కెన్యాలో ఒక సరస్సు ఒడ్డున, లువాండో రేవులో అలువోచ్ చేపలు వేయించి అమ్ముతుంది. ఒకరోజు పొద్దున్నే కౌంటీ ప్రభుత్వం మనుషులు వచ్చి గోడకు ఉత్తర్వు అంటించారు. చేపల పొయ్యిలన్నీ తీసేసి కొండవతల కొత్త సంతకు పోవాలట.

"కౌంటీని ఏలే గవర్నరు మాటంటే చట్టమే కదే. ఏం చేస్తాం?" అంది పక్క పొయ్యి అవినో.

అలువోచ్ ఊరుకోలేదు. పట్నంలో లాయరుగా ఉన్న మేనకోడలు అపోండికి ఫోన్ చేసి గోల పెట్టింది.

"గవర్నరు పైన రాజ్యాంగముంది అత్తా. జనాన్ని అడక్కుండా ఇలాంటి ఉత్తర్వు ఇస్తే చెల్లదు. నిన్ను అడిగారా?"

"నన్నా! నా పెళ్ళికే నన్నెవరూ అడగలేదు, దీనికి అడుగుతారటే?"

అపోండి పకపకా నవ్వింది. నవ్వుతూనే కేసు వేసింది.

విచారణ రోజు రేవు ఆడవాళ్ళంతా పండగ బట్టలు కట్టుకుని కోర్టు నింపేశారు. ప్రజల అభిప్రాయం కోరుతూ పేపర్లో ప్రకటన వేశామన్నాడు కౌంటీ లాయరు. జడ్జి అలువోచ్‌ వైపు తిరిగాడు.

"ఏమ్మా, మీరు పేపరు చూస్తారా?"

"రోజూ చూస్తానయ్యా. చేపలు చుట్టిచ్చేది అందులోనేగా!"

కోర్టంతా గొల్లుమంది. జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాజ్యాంగం మొదలయ్యేదే 'మేము, కెన్యా ప్రజలం' అని. ఆ ప్రజలకు చేరని ప్రకటన వేస్తే అడిగినట్టు కాదు. ఈ ఉత్తర్వు చెల్లదు. వెళ్ళి అడగండి," అన్నాడు.

ఆడవాళ్ళు కోర్టు మెట్ల మీదే ఈలలు వేసి చిందులు తొక్కారు.

కొన్నాళ్ళకు కౌంటీ అధికారి రేవుకు వచ్చి, బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. "చెప్పండమ్మా, మీకేం కావాలి?"

అందరూ అలువోచ్‌ని చూశారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊరికే అరిచేదానివి, తీరా అడిగితే మూగబోయావేమే?" అని అవినో మోచేత్తో పొడిచింది.

అప్పుడు మొదలుపెట్టింది అలువోచ్. నీళ్ళ కుళాయి కావాలంది, పైకప్పు కావాలంది. పొగ పక్కనున్న ఆసుపత్రి మీదికి పోతోంది గనక పొయ్యిలు అటు చివరికి జరుపుకుంటామనీ తనే చెప్పింది.

"నేను జరగను!" అంది అవినో.

"నువ్వు జరక్కపోతే నీ పొయ్యి నేనే మోసుకెళ్తా!"

"నన్నడిగావా?"

రేవంతా విరగబడి నవ్వింది. అధికారికి మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి ముద్ద, వేడి వేడి చేప పెట్టారు. ఆయన తింటూనే వింటున్నాడు. పొద్దు వాలినా ఇంకా పదిమంది చెప్పడానికి కాచుకుని ఉన్నారు.